రెండు అంతస్తుల మధ్య రాసిన నవల

మా బావ నవల రాస్తున్నాడని ఆసుపత్రిలో అందరికీ తెలుసు. ఆ నవల ఏమైందో కొందరికే తెలుసు. ఎవరి చలవ వల్ల అలా అయిందో మాత్రం మా అక్కకు, బావకు, నాకు తప్ప నాలుగో మనిషికి తెలియదు. వాళ్ళిద్దరూ ఒక్కసారైనా నన్ను తిట్టి ఉంటే ఇది చెప్పాల్సిన అవసరం ఉండేది కాదేమో. తిట్టలేదు. అందుకే చెప్తున్నాను.

బావ ఆ ఆసుపత్రిలో లిఫ్టు నడిపేవాడు. నేను అక్కడే ఆఫీసులో గుమాస్తాను. లిఫ్టంటే ఇప్పటివాళ్ళకు తెలిసిన బొత్తాల లిఫ్టు కాదు. మడతలు పడే ఇనుప కటకటాల తలుపు, గోడకు ఒక ఇత్తడి పిడి, పిడి పక్కన ఒక స్టూలు. పిడి ముందుకు తోస్తే పైకి, వెనక్కి లాగితే కిందికి. అంతస్తు గుమ్మానికి సమంగా ఆపడానికి చేతికి అలవాటు ఉండాలి. బావ ఆపితే అగ్గిపుల్ల మందం తేడా కూడా ఉండేది కాదు. ఎక్కినవాళ్ళందరినీ "పైకా, కిందికా?" అని అడిగేవాడు. "ఆసుపత్రిలో అడిగే మాటేనా ఇది? మా నాన్నను అప్పుడే పైకి పంపించేస్తావా?" అని ఒకాయన దెబ్బలాటకు కూడా దిగాడు. ఎన్నో అంతస్తు అని అడగమని మా పెద్ద గుమాస్తా చెప్పి చూశాడు. బావ రెండు రోజులు అలాగే అడిగి, మూడో రోజు మళ్ళీ మొదటికొచ్చాడు. చివరికి ఆసుపత్రిలో ఆయనకు 'పైకా కిందికా' అనే పేరే స్థిరపడిపోయింది.

ఆ స్టూలు మీదే నవల రాశాడు. అరచెయ్యంత నోటుబుక్కు మోకాలి మీద పెట్టుకుని, జనాన్ని దించిన దగ్గర్నుంచి మళ్ళీ గంట మోగేదాకా ఎంత వీలైతే అంత. ఒక వాక్యం పూర్తయితే అదృష్టం. చాలాసార్లు సగంలో గంట మోగేది. పుస్తకాన్ని స్టూలు కింద దోపి పిడి అందుకునేవాడు. లిఫ్టు నడిపేవాణ్ణి ఎవరూ మనిషి కింద జమకట్టరు. ఇంట్లో నోరు విప్పనివాళ్ళు కూడా ఆ ఇనుప గదిలో ఆయన ముందే కడుపులో మాట కక్కేసేవాళ్ళు. బావ తలుపు వంక చూస్తూ నిలబడేవాడు. వాళ్ళు దిగాక రాసుకునేవాడు.

మరి ఇంట్లో ఎందుకు రాయలేదంటారా? అక్క చిన్నపిల్లల బడిలో టీచరు. పొద్దున ఏడు కాకుండానే వెళ్ళిపోవాలి. ఇద్దరాడపిల్లలకు జడలు వేసేది, బూట్లకు నాడాలు కట్టేది బావే. కొన్నేళ్ళకు మా అమ్మ మంచాన పడి వాళ్ళింటికే చేరింది. మా ఇల్లు మేడ మీద, మెట్లు ఇరుకు, అమ్మకు కష్టం అని నేను అందరికీ చెప్పుకునేవాణ్ణి. మెట్లు ఇరుకన్నది నిజమే. కానీ కన్నకొడుకును నేనుండగా ఆవిడ ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, నోట్లో మందు పోసింది అల్లుడు. అమ్మ ఆయన్ని "నాయనా" అని పిలిచేది. నన్ను చూస్తే "ఎప్పుడొచ్చావు?" అని అడిగేది.

మొదటి అధ్యాయం రాసిన రోజు బావ దాన్ని తెల్లకాగితాల మీద శ్రద్ధగా తిరగరాసి, మూలన గుండుసూది గుచ్చి, ఆఫీసుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"చదివి చెప్పరా. ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పు. మొహమాటపడకు."

"ఈ ఆదివారం కూర్చుని చదివేస్తా బావా" అన్నాను.

ఆ తర్వాత రెండు మూడుసార్లు అడిగాడు. నేను ఏవో పనులు చెప్పాను. ఆపైన అడగడం మానేశాడు. ఆ ఆదివారం సంగతి చివర్లో చెప్తాను. చెప్పకుండా తప్పించుకునే వీల్లేదు.

తొమ్మిదేళ్ళలో పదిహేను అధ్యాయాలయ్యాయి. ఇరవై రెండు చిన్న నోటుబుక్కులు. అప్పుడు దొరికాడు ఆ ముసలాయన. ఆయనకు సొంతంగా చిన్న అచ్చాఫీసు ఉంది. మోకాళ్ళ నొప్పులకు వారం వారం నాలుగో అంతస్తుకు వచ్చేవాడు. స్టూలు కింద పుస్తకాలు చూసి అవేమిటని అడిగి, సంచిలో వేసుకుని తీసుకెళ్ళాడు. మరుసటి వారం ఇరవై రెండూ జాగ్రత్తగా తెచ్చి ఇచ్చేసి, "మిగిలింది రాసి ముగించవయ్యా, నేను అచ్చేస్తాను. ఆలస్యం మాత్రం చెయ్యకు. నా మోకాళ్ళ వయసే నాదీనూ" అన్నాడు. ఆ రోజు బావ లిఫ్టు గుమ్మానికి జానెడు పైన ఆగింది. నేను అందులోనే ఉన్నాను. ఒక నర్సు తూలిపడబోయి, "ఏమిటివాళ ఈయన భూమ్మీద లేడు" అంది.

మూడు అధ్యాయాలు మిగిలాయి. అంతే. ఆ మూడూ రాస్తే మా బావ అట్టమీద పేరున్న మనిషి అవుతాడు. అక్కకు అదే ధ్యాస. బావ ఎప్పుడూ ఒక మాట అనేవాడు. "ఒక బల్ల, ఒక కుర్చీ, వేసుకోవడానికి ఒక తలుపు. ఈ మూడూ ఉంటే మూడు నెలలు చాలు." ఆ మాట పట్టుకుని అక్క నా వెంటపడింది.

"ఒరేయ్, ఆఫీసులో అంత చక్రం తిప్పుతానంటావు. మీ బావకో గది చూడలేవూ? సగం వాక్యంలో గంట మోగితే మనిషి ఏం రాస్తాడు చెప్పు!"

"చూస్తానక్కా. నాకొదిలెయ్" అన్నాను.

సరిగ్గా ఆ నెలే పాత రికార్డుల గది చూసుకునే ఆయన పదవీ విరమణ చేశాడు. ఆ గదిలో బల్ల ఉంది, కుర్చీ ఉంది, ఫ్యాను ఉంది, తలుపుంది. పాత కేసు కాగితాల కోసం రోజుకు ముగ్గురొస్తే ఎక్కువ. నేను ఎవరెవరి దగ్గర చేతులు నలుపుకుంటూ నిలబడ్డానో, ఎవరి చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో చెప్పను. బదిలీ ఉత్తర్వు నా చేత్తో నేనే టైపు చేశాను. సంతకం అయ్యాక క్యాంటీనులో నలుగురికీ వినబడేలా చెప్పాను కూడా: మా బావ పుస్తకం బయటికొస్తే అందులో సగం పుణ్యం నాదని.

చేరిన రోజు అక్క బల్ల మీదికి గళ్ళ గుడ్డ కొని పంపింది. బావ కొత్త పెన్నులు నాలుగు వరసగా పెట్టుకున్నాడు. తలుపు ఒకసారి వేసి, తీసి, మళ్ళీ వేసి చూసుకుని నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు గర్వం ఆగలేదు. ఇంకేదో ఒకటి ఇవ్వాలనిపించింది. చేతిలో ఇవ్వడానికేమీ లేక సలహా ఇచ్చాను.

"చూడు బావా, రాసే పని కూడా ఆఫీసు పనిలాంటిదే. ముందు ఈ చిన్న పుస్తకాలన్నీ పెద్ద కాగితాల మీద సాపు రాసుకో. సాపు అయిన పేజీ చిత్తు అప్పటికప్పుడు చింపెయ్యాలి. రెండూ ఉంచుకున్నావంటే ఏది అసలో తేలక చస్తావు. మాకు మొదట నేర్పే పాఠం అదే."

బావ బుద్ధిగా తలాడించాడు. "అలాగేరా. పద్ధతంటే పద్ధతే."

పాతికేళ్ళ నా ఉద్యోగంలో నా మాట అంత తూచా తప్పకుండా పాటించినవాడు ఇంకొకడు లేడు.

నెల తర్వాత అడిగితే, సాపు రాస్తున్నానన్నాడు. మూడు నెలలకు అడిగితే పదహారో అధ్యాయం ఇంకా మొదలుకాలేదు.

"పాతవి సరిచేస్తున్నానురా. గంట మోగుతుందన్న తొందరలో రాసినవి కదా, అన్నీ ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. నలుగురూ చదివేది కాస్త నిండుగా ఉండొద్దూ? ఒక్కో ముక్కా కలిపి కుడుతున్నా."

"అదీ మాట! తొందరేం లేదు, నీ గది ఎక్కడికీ పోదు" అన్నాను నేను.

ఒకరోజు పదకొండు గంటలప్పుడు కింద లిఫ్టు దగ్గర బావ నిలబడి ఉండటం చూశాను. కొత్తగా వచ్చిన లిఫ్టువాడు గుమ్మానికి బెత్తెడు కింద ఆపాడు. బావ చెయ్యి గాల్లోనే పిడి పట్టుకున్నట్టు కదిలింది. జనం ఎక్కారు, తలుపు పడింది, లిఫ్టు వెళ్ళిపోయింది. ఆయన అక్కడే ఉన్నాడు. తర్వాత తెలిసింది, రోజూ ఆ వేళకు అలా వచ్చి కాసేపు నిలబడి వెళ్తాడని.

"ఇక్కడ నీకేం పని బావా? అంత కష్టపడి గది ఇప్పించింది ఇందుకా? పో, పోయి రాసుకో" అన్నాను.

"అక్కడ ఏమీ వినబడదురా" అన్నాడు.

"వినబడకూడదనే కదా అడిగావు!"

"అవును, అడిగాను" అని, తల వంచుకుని రికార్డుల గదికి వెళ్ళిపోయాడు. ఆ మాట ఆరోజే నా బుర్రకెక్కి ఉంటే ఇంకో ఉత్తర్వు టైపు చెయ్యడం నాకు ఎంతసేపు? ఎక్కలేదు. పైగా అక్కతో, బావకు బద్ధకం పట్టుకుందని చెప్పాను.

ఏడాది తిరిగేసరికి ఆ పాత లిఫ్టునే తీసేశారు. బొత్తాల లిఫ్టు పెట్టారు. పనికిరాని సామానంతా చేరే చోటు రికార్డుల గదే కాబట్టి స్టూలు కూడా అక్కడికే వచ్చింది. బావ దాని మీద కాగితాల కట్టలు పెట్టుకున్నాడు.

మూడు నెలలన్నది ఏడాదిన్నర పట్టింది. కానీ పూర్తి చేశాడు. ఆ మాట ఒప్పుకోవాలి. మిగిలిన మూడు అధ్యాయాలూ రాశాడు. మొత్తం ఆరు వందల పేజీలు. ముత్యాల్లాంటి అక్షరాలు, ఎక్కడా కొట్టివేత లేదు. అట్ట వేసి దారంతో కుట్టించి, ముగ్గురం కలిసి అచ్చాఫీసుకు తీసుకెళ్ళి ఇచ్చాం. ముసలాయన లేచి రెండు చేతులతో అందుకున్నాడు. అక్క దారిపొడుగునా అట్ట ఏ రంగయితే బాగుంటుందో చెబుతూనే ఉంది.

పది రోజులకు కబురొచ్చింది. వెళ్ళాం. అచ్చు యంత్రం ఆపించి, ఆయన మమ్మల్ని కాగితాల రీముల మీదే కూర్చోబెట్టాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"ఇది నువ్వే రాశావా?"

"నేనేనండీ."

"అన్నీ సక్రమంగా ఉన్నాయయ్యా. వంక పెట్టడానికి లేదు. కానీ ఆ మనుషులేరీ? నేను చదివినవాటిలో మనుషులు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ ఎక్కేవాళ్ళు, సగం మాట చెప్పి దిగిపోయేవాళ్ళు. మిగతా సగం కోసం రాత్రంతా కొట్టుకున్నాను నేను. ఇందులో అందరూ వరసలో నిలబడి పూర్తిగా చెప్పి వెళ్తున్నారు."

అక్క కొంగు వేలికి చుట్టుకుంటోంది.

"పోనీలే, ఏం మునిగిపోలేదు" అన్నాడు ముసలాయన. "ఆ చిన్న పుస్తకాలు పట్రా. వాటినే ఉన్నవున్నట్టు అచ్చేస్తాను. ముగింపు లేకపోయినా సరే."

"అవి లేవండీ."

"లేకపోవడమేమిటి?"

"చింపేశాను. ఏ పేజీ సాపు అయితే ఆ పేజీ."

ముసలాయన కాసేపు బావ ముఖంలోకి చూశాడు. "ఎవరు చెప్పారయ్యా నీకు చింపమని?"

బావ నావైపు తలైనా తిప్పలేదు.

"ఎవరూ చెప్పలేదండీ. ఆఫీసు పద్ధతి" అన్నాడు.

అక్క మాత్రం నావైపు చూసింది. గది ఇప్పించమని అడిగింది తనే కాబట్టి ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత పొద్దున లేస్తే ఎవరో ఒకరి మీద విసురుతుంటాను. ఆరోజు ఇంటికొచ్చేదాకా అదే నా చెవుల్లో మోగింది.

మరునాడు శనివారం. బల్ల ముందు కూర్చున్నాను గానీ ఒక్క కాగితం ముందుకు కదల్లేదు. అప్పుడు గుర్తొచ్చింది. కింది సొరుగు లాగాను. పాత సెలవు అర్జీల అడుగున, ఒక అట్టలో, పదకొండు కాగితాలు. మూలన గుండుసూది తుప్పుపట్టి కాగితానికి అంటుకుపోయింది. ఒక్కసారైనా పేజీ తిప్పితే పడే మడత ఎక్కడా లేదు. పదకొండేళ్ళు. ఇంతమందికి చెప్పుకున్నాను, అంత చక్రం తిప్పాను, రాయడం ఎలాగో ఆయనకే పాఠం చెప్పాను. ఆయన రాసిన ఒక్క వాక్యం కూడా నేను చదవలేదు.

భోజనం మానేసి చదివాను. అందులో ఒకామె రోజూ ఐదో అంతస్తులో ఉన్న భర్తకు క్యారియర్ తీసుకెళ్తుంటుంది. ఎక్కినప్పుడల్లా లిఫ్టతనితో ఏదో ఒక ముక్క అంటుంది. నిన్న సగం తిన్నాడంటుంది. ఇవాళ ఉప్పు తక్కువని తిట్టాడు, తిట్టాడంటే నయమవుతున్నట్టే అంటుంది. నేను ఆఫీసులో ఒక్కణ్ణే పైకే నవ్వేశాను. పందొమ్మిదో రోజు ఆమె క్యారియర్‌తో ఎక్కుతుంది. ఆ చివరి పేజీ నాకిప్పుడు కంఠతా వచ్చు.

"పైకా, కిందికా? అని అడిగాడు. ఎటూ వద్దు అంది. కాసేపు ఆపు అంది. మూడుకీ నాలుగుకీ మధ్య ఆపాడు. అన్ని అంతస్తుల్లోనూ గంటలు మోగుతున్నాయి. ఆమె నేల మీద కూర్చుంది. క్యారియర్ మూత తీసింది."

అక్కడితో ఆ అధ్యాయం అయిపోయింది. నేను కాగితం వెనక్కి తిప్పి చూశాను. ఏమీ లేదు. కుట్టించిన ఆ ఆరు వందల పేజీలు బావ నా దగ్గరే పడేసి వెళ్ళాడు. సాయంత్రమంతా అందులో ఆమె కోసం వెతికాను. నవల ఆసుపత్రి భవనం వర్ణనతో మొదలైంది. స్తంభాలున్నాయి, మెట్లున్నాయి, కిటికీలున్నాయి. ఆమె ఎక్కడా లేదు.

తెల్లారితే ఆదివారం. ఆ కాగితాలు పట్టుకుని అక్కవాళ్ళింటికి వెళ్ళాను. పదకొండు కాగితాలతో పుస్తకం కాదని నాకు తెలుసు. అయినా వెళ్ళాను. అక్క పెరట్లో బట్టలు ఆరేస్తోంది. బావ మా అమ్మ మంచం మీద కూర్చుని ఆవిడకు చెంచాతో గంజి తాగిస్తున్నాడు. అమ్మ నన్ను చూసి, "ఎప్పుడొచ్చావు?" అంది.

"ఇప్పుడేనమ్మా."

"ఏమిట్రా అది?" అన్నాడు బావ.

"నీ మొదటి అధ్యాయం బావా. నా సొరుగులో ఉంది."

ఆయన చెంచా గిన్నెలో పెట్టి, చేతులు తువ్వాలుకు తుడుచుకుని, కాగితాలు అందుకున్నాడు. గుండుసూది వైపు చూశాడు. దాని చుట్టూ ఉన్న తుప్పు మరక వేలితో తడిమాడు. ఆయనకు అర్థమైపోయింది.

"ఎప్పుడు చదివావు?"

"నిన్న."

నేను తల దించుకున్నాను. క్షమించమని అడగాలని దారంతా అనుకున్న మాట నోటిదాకా రాలేదు. ఆయనే అడిగాడు, పదకొండేళ్ళ కింద నా బల్ల దగ్గర అడిగినట్టే, కాకపోతే గొంతు బాగా తగ్గించి.

"ఎలా ఉంది?"

"ఆమె మూత తీసింది కదా. ఆ తర్వాత ఏమైంది బావా? సాపులో అంతా వెతికాను, ఆమె లేదు."

"తీసేశానురా. నిండుగా రాద్దామనుకున్నాక, ఆమె మరీ చిన్న మనిషి అనిపించింది."

"పోనీ నోటితో చెప్పు. ఆ క్యారియర్‌లో ఏముంది? ఆమె ఏం చేసింది?"

బావ చివరి కాగితం పైకి తీసి చదువుకున్నాడు. కాగితం తిప్పాడు. వెనక తెల్లగా ఉంది. అమ్మ గంజి కోసం నోరు తెరిచి, "నాయనా" అంది.

"గుర్తులేదురా" అన్నాడు చెంచా అందుకుంటూ. "రెండో పుస్తకంలో రాశాను. బాగా వచ్చిందని మాత్రం గుర్తుంది."